నలభై రెండు ప్రభుత్వాలు, ఒక సీసా

అవినీతిని ఏ దేశమూ ఒంటరిగా ఓడించలేదని నలభై రెండు ప్రభుత్వాలు ఏకగ్రీవంగా తీర్మానించాయి. (ఒంటరిగా ప్రయత్నించి చూసిన దేశాలేవో తీర్మానంలో రాయలేదు.) ఆ ఒప్పందం కింద మొట్టమొదటి కేసుగా నమోదయ్యే భాగ్యం జనగామ దిక్కు ఒక పల్లెలో రెండెకరాల పత్తి చేనున్న భూదేవికి దక్కింది.

భూదేవి గోడు చాలా చిన్నది. పక్కచేను హన్మంత్ దున్నినప్పుడల్లా హద్దు గెట్టును కాస్త కాస్త జరుపుతూ రెండు సాళ్లు లోపలికి వచ్చాడు. చేను కొలిచి హద్దురాళ్లు పాతమని ఆమె మండల సర్వేయర్ సంపత్‌ను బతిమాలి తీసుకొచ్చింది. సంపత్ మర్యాదస్తుడు, పైసలు ముట్టడు. ఆ గెట్టు మీదనే నిలబడి అసలు మాట చెప్పాడు.

"పైసలు నాకెందుకక్కా? మంచి ఫారిన్ సీస ఒక్కటి తే. ఎల్లుండి కొలిచే గొలుసు పట్టుకొని నేనే వస్త."

భూదేవికి ఒళ్లు మండింది. నేరుగా అవినీతి నిరోధక శాఖకు పోయి ఫిర్యాదు రాయించింది.

ఫిర్యాదు చదివిన గుమాస్తా 'ఫారిన్' దగ్గర ఆగిపోయాడు. సరుకు పుట్టింది పరాయి దేశంలో, కాబట్టి లంచం అంతర్జాతీయం. ఫైలు భూపాలపల్లిలోని అంతర్జాతీయ అవినీతి నిరోధక సహకార విభాగానికి వెళ్లింది. (అక్కడే ఎందుకంటే, ఫ్యానున్న ఖాళీ గది అక్కడే దొరికింది.)

భూదేవి బస్సులు మారి అక్కడికి పోయింది. విభాగాధికారి ఊర్మిళ కుర్చీ వేయించి, చాయ్ తెప్పించారు. సహకారం అక్కడితోనే మొదలైంది.

"ఆ సీస ఏ దేశంది భూదేవక్కా?"

"నేను కొననే లేదు మేడం. ఎట్ల చెప్పాలె?"

"పరేషాన్ కాకున్రి. అన్ని దేశాలను అడుగుదాం."

అడిగారు. తమ గడ్డ దాటేటప్పుడు సీసాలన్నీ నీతిగానే ఉన్నాయని ఒక దేశం ధ్రువీకరించింది. సీసాలో సరుకుకు పద్దెనిమిదేళ్లు నిండాయా, నిండకపోతే మైనర్ల చట్టం వర్తిస్తుందని ఇంకో దేశం హెచ్చరించింది. మూడో దేశం శుభాకాంక్షలు పంపింది. ఉత్తరాలన్నీ తెలుగులోకి వచ్చేసరికి రెండు పంటల పత్తి ఏరడం అయిపోయింది. హన్మంత్ సాళ్లు ఆరయ్యాయి.

"మేడం, నా చేను నా కండ్ల ముందటనే పోతున్నది. సీసల ముచ్చట నాకొద్దు. నా గెట్టు నాకు సూపెట్టున్రి," అంటూ భూదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊర్మిళ నిజంగానే నొచ్చుకున్నారు. "అంతా అయిపోయిందక్కా. ఒక్క కాయితమే తక్కువున్నది. లంచమడిగిన జాగ మన దేశంలనే ఉన్నదని నక్షా కావాలె."

ఆ జాగ భూదేవి గెట్టు. దానికి నక్షా గీసి ఇవ్వాల్సింది మండల సర్వేయర్.

ఆమె మళ్లీ పోయి సంపత్ ముందు నిలబడింది. మనిషి మారిపోయాడు. నలభై రెండు దేశాల నోటీసులు బీరువాలో పెట్టుకున్నవాడికి పాత ధీమా ఎక్కడిది? అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తప్పయిందక్కా. ఫారిన్ జోలికి ఇగ జన్మల పోను. మన దేశం సీసనే తే. కని రెండు తేవాలె."

భూదేవి రెండూ తెచ్చింది. మర్నాడే గొలుసు వచ్చింది, రాళ్లు పడ్డాయి, ఆరు సాళ్లూ తిరిగొచ్చాయి.

విదేశీ లంచాన్ని పూర్తిగా రూపుమాపిన తొలి మండలంగా భూదేవి మండలాన్ని నలభై రెండు ప్రభుత్వాలూ ఆ ఏటి నివేదికలో అభినందించాయి.