మిరపకాయల గోడౌనులో స్వతంత్ర సంగీత సంరక్షణ

స్వతంత్ర సంగీతాన్ని ఇకమీదట ప్రభుత్వమే కాపాడుతుందని శబ్ద సంస్కృతి శాఖామాత్యులు మాన్యశ్రీ అరుముగంగారు ప్రకటించారు. అంతవరకూ అది తన పాటికి తాను బతుకుతుండేదట. ఆ దిక్కులేని స్థితి చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. ఎక్కడుందో కనుక్కోండని ఆజ్ఞ ఇస్తే అధికారులు మద్రాసంతా గాలించి, జార్జి టౌన్లో మా సందులో దాన్ని పట్టుకున్నారట. సరిగ్గా నా తాళ్ళ కొట్టుకు ఎదురుగా. పాపం, పారిపోవడానికి వీలు లేకపోయింది. మా సందుకు ఒకవైపే తోవ.

ఎదురుగా ఉండేది వరదరాజులుగారి మిరపకాయల గోడౌను. ఆయన పోయాక వ్యాపారమూ పోయింది. మనవరాలు అక్షయ అందులో చెక్కతో ఒక స్టేజీ కట్టించి, నాలుగు లైట్లు తగిలించి, 'ఘాటు' అని పేరు పెట్టింది. ఎవరి పాట వాళ్ళే రాసుకుని, ఎవరి బాణీ వాళ్ళే కట్టుకుని, ఏ సినిమావాడి గడపా తొక్కని పిల్లలు శనివారం సాయంత్రాలు వచ్చి పాడేవాళ్ళు. తిరువొత్తియూరు నుంచీ ఎన్నూరు నుంచీ గిటార్లు భుజానేసుకుని లోకల్ ట్రైన్లలో వచ్చేవాళ్ళు. ఎన్నూరు దమయంతి బ్యాండు పేరు 'బూడిద'. థర్మల్ స్టేషను పక్కన ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగు తిరుగుతుందో చెప్పే పాట ఒకటి పాడేది. అది విని నేను కూడా తల ఊపాను. నేను తల ఊపడమంటే చిన్న విషయం కాదు. నాకు నచ్చే సంగీతం షట్టరు దించే చప్పుడొక్కటే.

ఇంకో సంగతి. ఆ గోడౌను దూలాల్లో తాతల కాలం నాటి మిరపపొడి ఉంది. డ్రమ్ము గట్టిగా మోగితే కిందికి రాలుతుంది. జనం కళ్ళు తుడుచుకుంటారు, ముక్కులు చీదుతారు. కొత్తవాళ్ళు పాటలో అంత బాధ ఉంది కాబోలనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు.

మా వార్డు కౌన్సిలర్ కన్నియప్పన్ ప్రజాసేవకుడు. ఆయన బామ్మర్ది ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిస్తాడు. ఆ కుర్చీలు పెట్టుకోవడానికి చోటు లేదు. ప్రజల్లో ఒకడికి ఇంత కష్టం వస్తే చూస్తూ ఊరుకునే మనిషి కాదు గనక, కన్నియప్పన్ ఓ శనివారం శబ్ద కాలుష్యం అని చెప్పి గోడౌనుకు తాళం వేయించడానికి బయల్దేరాడు. వెంట పేపరు ఫొటోగ్రాఫర్ని తెచ్చుకున్నాడు. ఫొటో లేకుండా ఆయన కాలవలో పూడిక కూడా తీయించడు. లోపల అడుగు పెట్టి, చెయ్యెత్తి, "ఆ..." అన్నాడు. 'ఆపండి'లో మిగతాది రాకముందే డ్రమ్ము మోగింది.

తెల్లారి పేపర్లో ఫొటో. చెయ్యెత్తి, నోరు తెరిచి, చెంపల మీద ధారలు. 'స్వతంత్ర సంగీతానికి కరిగిన కౌన్సిలర్.' పార్టీ ఆఫీసు నుంచి అభినందనలొచ్చాయి. యువత ఓట్లు అని ఎవరో అన్నారు. మంత్రి అరుముగంగారు స్వయంగా ఫోన్ చేసి, తాను కూడా కరుగుతానని చెప్పారు. ఇంక తాళం వేయడానికి లేకుండా పోయింది. కాపాడాల్సి వచ్చింది.

కాపాడటం ముందు కొలవడంతో మొదలవుతుంది. మంత్రిగారి శాఖ నుంచి ఇంజనీరు జయప్రకాష్ వచ్చాడు, చేతిలో శబ్దం కొలిచే మీటరుతో. బ్యాండును పిలవమంటారా అని అక్షయ అడిగింది.

"వద్దు. ముందు ఖాళీ హాలు కొలవాలి," అన్నాడు. కొలిచి, మొహం చిట్లించాడు. "డెబ్బై ఎనిమిది. పరిమితి అరవై. మీరు రూలు మీరుతున్నారు."

"సార్, ఈడ ఎవురూ పాడటమే లేదు కదా!"

"అదే నేనూ అంటున్నా. పాడకుండానే ఇంత శబ్దం చేస్తున్నారు."

"అది బయట లారీ హారన్ సార్. చేతిబండ్లోళ్ళు అరస్తా ఉండారు."

"బయట ఉన్నంతసేపు అది మా శాఖ కాదు. లోపలికొస్తే మా శాఖే."

"అయితే మమ్మల్ని ఏం చెయ్యమంటారు?"

ఇంజనీరు వేళ్ళ మీద లెక్క వేశాడు. "మీ సంగీతం పద్దెనిమిది తగ్గాలి."

"సున్నాలోనుంచా?"

"అది మీ కళాకారుల టాలెంటును బట్టి ఉంటుంది."

నాకు భయం పట్టుకుంది. "అయ్యా, మా కొట్టు కూడా కొలుస్తారా?" అన్నాను.

"మీరు సంగీతం చేస్తారా?"

"తాళ్ళు అమ్ముతా."

"అయితే ఎంత గోలైనా చేసుకోండి," అని దయతో సెలవిచ్చాడు.

బయటి శబ్దం లోపలికీ, లోపలి శబ్దం బయటికీ పోకుండా హాలును మూసేయాలని ప్రభుత్వం తీర్మానించింది. కాంట్రాక్టు కన్నియప్పన్ ఇంకో బామ్మర్దికి దొరికింది. ఆయనకు బామ్మర్దుల కొరత లేదు, పెళ్ళి ఆలోచించి చేసుకున్నాడు. కిటికీలకు ఇటుకలు పేర్చారు. గోడలకూ పైకప్పుకూ పరుపుల్లాంటివి అతికించారు. దూలాలు కడిగారు. ఐసు ఫ్యాక్టరీకి పెట్టే తలుపు లాంటిది పెట్టారు. అది మూస్తే లోపల మనకు మన చెవులే వినిపిస్తాయి. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా లోపల ఎవరూ పాడకూడదని గుమ్మానికి నోటీసు అంటించారు.

మంత్రిగారు మొదటిసారి అసెంబ్లీ ఉందని రాలేదు. రెండోసారి అసెంబ్లీ లేదని ఊరికి పోయారు. తర్వాత జాతకం చూసేవాడు వద్దన్నాడు. శనివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. దమయంతి గిటారు మోసుకొచ్చి, నోటీసు చదివి, నా కొట్టు ముందు కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయేది.

ఇదంతా అక్షయ నాన్న శివరామ్‌కు విసుగెత్తించింది. "చూడు పాప, ఈ నెలాఖరు దాకా చూస్తా," అన్నాడు, నేను వింటుండగానే. "ఆడ పాట మొదలు కాకుంటే ఆ కుర్చీలోడికి ఇచ్చేస్తా. కుర్చీలన్నా నోరు మూసుకుని పడుంటాయి."

"నేనా నాన్నా ఆపింది? గవర్నమెంటు కాపాడతా ఉండాది."

"కాపాడింది చాల్లే."

ఈ మాట ఎట్లా చేరిందో కన్నియప్పన్‌కు చేరింది. ఆ రోజు నుంచి ఆయన తొందరపడటం మానేశాడు. మంత్రిగారి తీరిక మంత్రిగారికి ఉండాలి కదా, అని ఎంతో ఓర్పుగా అనేవాడు. కుర్చీల బామ్మర్ది టేపు తెచ్చి గుమ్మం వెడల్పు కొలుచుకున్నాడు కూడా. కానీ ఆ నెల ఆఖరి శనివారం ఢిల్లీ వాళ్ళెవరో రావడం మానుకోవడంతో మంత్రిగారికి ఒక సాయంత్రం ఉన్నట్టుండి మిగిలిపోయింది. ఆ సాయంత్రాన్ని ఆయన స్వతంత్ర సంగీతానికి అంకితం చేశారు.

సభ ఏర్పాట్లు చూసి నా కడుపు నిండింది. వేదిక మీద మంత్రిగారు, కన్నియప్పన్, ఇంజనీరు, కాంట్రాక్టరు, పక్క వార్డుల కౌన్సిలర్లు, వాళ్ళకు సాయంగా వచ్చినవాళ్ళు. అందరికీ కుర్చీలు కావాలి గనక డ్రమ్ములు దింపి బయట పెట్టించేశారు.

"అంకుల్, బ్యాండు యాడ నిలబడాల?" అని అక్షయ అడిగింది.

"ఏ బ్యాండు పాప?" అన్నాడు కన్నియప్పన్.

"సంగీతం అంకుల్. స్వతంత్ర సంగీతం."

"ఓ, అదా? దానికే కదా ఇప్పుడు సన్మానం జరగబోతా ఉండేది. మధ్యలో అది దేనికి? బయట ఉండమను. రెండు నిమిషాలు."

కింద కుర్చీల్లో పార్టీవాళ్ళు నిండిపోయారు. ప్రజల తరఫున ఒకరుండాలని నన్ను ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చోబెట్టారు. మిగతా ప్రజలు బయట సందులో ఉన్నారు. లారీల్లో తెచ్చారు, బిర్యానీ పొట్లాలిచ్చారు. వాళ్ళు ఉపన్యాసం వినడానికి సందు పొడవునా స్పీకరు బాక్సులు పెట్టారు, జనరేటరు పెట్టారు. మంత్రిగారు తన ప్రజలను చూస్తూ మాట్లాడటానికి బయట వైరు అక్కర్లేని కెమెరా, హాల్లో నా తలపైన గోడకు పెద్ద టీవీ పెట్టారు. తలుపు మూశారు. అప్పుడు తెలిసింది, మైకు వైరు బయటికి పోవడానికి రంధ్రం లేదని.

"గాలే దూరదు, వైరెట్ల దూరద్ది?" అని కాంట్రాక్టరు గర్వంగా అన్నాడు. ఇంజనీరు ఆయనతో చెయ్యి కలిపాడు. బయట ప్రజలకు ఉపన్యాసం వినిపించదనే మాట ఎవరూ మంత్రిగారికి చెప్పలేదు. శుభమా అని సభ జరుగుతుంటే ఎవరు చెబుతారు?

ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. మాట్లాడిన ప్రతివాడూ వేదిక మీదున్న అందరి పేర్లూ బిరుదులతో సహా చదివి కూర్చున్నాడు. చివరికి మంత్రిగారు లేచారు. సంగీతం అంటే స్వాతంత్ర్యం, స్వాతంత్ర్యం అంటే సంగీతం, ఈ రెండూ తమ పార్టీయే తెచ్చింది అన్నారు. హాల్లో మొదటి వరస కునుకు తీస్తోంది.

ఇంతలో మంత్రిగారి మొహం వెలిగింది. చెయ్యి టీవీ వైపు చూపించారు. మెడ తిప్పి చూశాను. బయట జనం ఎగురుతున్నారు. ముసలామె ఒకతె బిర్యానీ పొట్లం తలపైన పెట్టుకుని నాట్యం చేస్తోంది. అందరూ చేతులెత్తి చప్పట్లు కొడుతున్నారు. చప్పుడు మాత్రం లేదు.

"చూశారా!" అన్నారు మంత్రిగారు. "స్వాతంత్ర్యం అన్న ఒక్క మాటకే!" ఆ మాట మళ్ళీ అన్నారు. జనం మళ్ళీ ఎగిరారు. ఆయన కాగితం పక్కన పడేసి, మనసులోంచి మాట్లాడటం మొదలుపెట్టారు. అందులో ఇంతవరకూ ఎవరూ వాడనిది చాలా ఉన్నట్టుంది, ఆగలేదు.

కన్నియప్పన్ మాత్రం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. మెల్లగా దిగి నా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "అన్నా, ఏందో తేడాగా ఉండాది. మనం తోలకొచ్చిన జనం ఇంత నిజాయితీగా చప్పట్లు కొట్టరు. రా, చూద్దాం."

తలుపు కాస్త తీసి బయటపడి, వెనకే మూసేశాం. దమయంతి గొంతు మొహం మీద కొట్టింది. నా కొట్టు గట్టు మీద డ్రమ్ములు, స్పీకర్లతో పాటు వచ్చిన పార్టీ మైకు ఆమె చేతిలో, పార్టీ స్పీకర్లలో తెల్లచీర పాట, సందంతా తిరునాళ్ళు.

"ఆపండి! ఎవురిచ్చినారు మీకు పర్మిషన్?" అని కన్నియప్పన్ కేక పెట్టాడు.

పాట ఆగింది. జనం ఆగారు. వెంటనే ఆయన జేబులో ఫోను మోగింది. లోపలినుంచి మంత్రిగారి పీయే. నాకు కూడా వినిపించేంత గట్టిగా అరిచాడు. "ఏమైందయ్యా అక్కడ? జనం నిలబడిపోయారు! అయ్యగారికి మాట తడబడుతోంది! చెమటలు పడుతున్నాయి!"

కన్నియప్పన్ కెమెరా వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "వాయించండి," అన్నాడు. "అమ్మా, వాయించండి! ఏంది చూస్తా ఉండారు?"

దమయంతి మైకు దించింది. అక్షయ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "మరి శనివారాలు అంకుల్?"

"అన్నీ నీవే పాప!"

"మా నాన్నకు మీరే చెప్పాల. కుర్చీలు రావని."

"చెప్తా, ఇప్పుడే చెప్తా. నా బామ్మర్దే వద్దంటా ఉండాడని చెప్తా. ముందు ఆ డ్రమ్ము కొట్టమను తల్లీ, నీ కాళ్ళకు మొక్కతా!"

ఫోన్లోనే శివరామ్‌కు చెప్పించింది. స్పీకర్లో పెట్టి, మాట ఇది, సాక్షి ఈయన అని నన్ను చూపించింది. వరదరాజులుగారి మనవరాలు కదా. ఆ తర్వాతే కళ్ళతో సైగ చేసింది.

"మా కాడ ఉండేవే ఆరు పాటలు," అంది దమయంతి. "అన్నీ అయిపోయినాయి."

"మళ్ళీ మొదట్నుంచి పాడమ్మా," అన్నాడు కన్నియప్పన్. "లోపల మా తలైవరు కూడా అదే చేస్తా ఉండాడు."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. జనం "వాళ్గ, వాళ్గ" అని జేజేలు పలికారు. పాటల ఊపులో ఉన్నారేమో, అది కూడా రాగంలోనే వచ్చింది. మంత్రిగారి కళ్ళు చెమర్చి ఉన్నాయి. దూలాలు కడిగారు గనక ఇవి సొంత కన్నీళ్ళే.

"ఈ అమ్మాయి చేతిలో మైకేమిటి?" అని అడిగారు.

"తమరి అభిప్రాయాలు జనానికి అందిస్తా ఉండింది తలైవరే," అన్నాడు కన్నియప్పన్.

మంత్రిగారు తన మీదున్న శాలువా తీసి దమయంతికి కప్పారు. "తన సొంత మాట ఒక్కటీ కలపకుండా చెప్పిందంటే ఎంత క్రమశిక్షణ! ఇదీ స్వతంత్ర కళాకారిణి అంటే!" అని, ప్రతి శనివారం ఇక్కడికే వచ్చి ప్రజలతో మనసు విప్పి మాట్లాడతానని అక్కడికక్కడే ప్రకటించారు.

ఆడిన మాట తప్పలేదు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం నుంచే పోలీసులు మా సందులోకి లారీలు రానివ్వరు. కరెంటు పోదు. మంత్రిగారు లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంటారు, బయట 'బూడిద' మొదలవుతుంది. ఇంజనీరు మీటరు తెచ్చి హాల్లో కొలిచి, మంత్రిగారు మాట్లాడుతుండగా పరిమితి లోపలే ఉందని సర్టిఫికెట్టు ఇచ్చాడు. బయటి శబ్దం ఆయన శాఖ కాదు. తాళ్ళు కట్టి జనాన్ని ఆపడానికి పోలీసులు నా కొట్లోనే సరుకు తీసుకుంటారు. ఏ ప్రభుత్వమైనా నా గురించి ఆలోచించడం ఇదే మొదలు.

మొన్న ప్రతిపక్ష నాయకుడు ప్రభాకరన్‌గారు వచ్చారు, ఎవరికీ తెలియకుండా రెండు కార్లలోనే. హాలంతా తిరిగి చూశారు. తలుపు తట్టి చూశారు.

"ఇక్కడ నిలబడి మాట్లాడితే జనం అట్లా ఎగురుతారంట కదమ్మా, నిజమేనా?" అని అక్షయను అడిగారు.

"మీరే టీవీలో చూసుకోవచ్చు సార్."

"మాకూ ఒక రోజు ఇవ్వాలి. మేమేం తక్కువ?"

"ఆదివారాలు ఖాళీగానే ఉండాయి సార్. స్పీకర్లు, జనరేటరు మాత్రం మీరు తెచ్చుకోవాల."

"అదెంత పని?" అన్నాడాయన.

నా కొట్టు ముందు టీ తాగుతున్న దమయంతి గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చింది. "సార్, మీరు ఎంతసేపు మాట్లాడతారు?"

"నేనా?" ప్రభాకరన్‌గారు ఛాతీ విరుచుకున్నారు. "మైకు పట్టుకుంటే మూడు గంటలకు తగ్గను."

దమయంతి ఫోను తీసి, తిరువొత్తియూరులో ఉండే ఇంకో బ్యాండును కూడా రమ్మంది.