మీట మరిచిన శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున గిల్సు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా మల్‌సున్ గారిని రాత్రి భోజనానికి పిలవాలి. యాభై రెండేళ్ల మనిషికి ఇదేం పెద్ద పనండీ అంటారేమో! సియోల్‌లోని ఆ బేరింగుల కొట్టులో ఇద్దరూ పదకొండేళ్లుగా ఒకే చెక్క అడ్డుగోడకి చెరోపక్కా కూర్చుంటున్నారు. ఇన్నేళ్లలో ఆమె అతనితో అన్న మాట ఒక్కటే. "గిల్సు గారూ, కాస్త మీట నావైపు తిప్పండి."

ఇద్దరి కంప్యూటర్లకీ ప్రింటరు ఒక్కటే. సూదులతో టకటకా పొడిచి, ఒక్క దెబ్బకి మూడు కాగితాల మీద అచ్చేసే పాతకాలపుది. దాని బొటనవేలంత లావు తీగ కొత్త కంప్యూటర్లలో దూరదు గనక కంప్యూటర్లూ పాతవే. మధ్యలో ఓ ఇనప పెట్టె, దానికో మీట. మీట ఎవరివైపుంటే వాళ్ల కాగితాలే బయటికొస్తాయి.

కిందటి వారం గిల్సు వీధి చివరి హోటలుకి పంది వెన్నెముక పులుసు తిందామని వెళ్లాడు.

"ఎంతమంది?" అంది హోటలావిడ.

"ఒక్కణ్ణే."

"ఇద్దరికి తక్కువైతే ఆ పులుసుకి పొయ్యి వెలిగించమండీ. ఇంకొకరిని తోడు తెచ్చుకోండి."

ఆ ఇంకొకరు ఎవరా అని ఇంటిదాకా ఆలోచిస్తూ నడిచాడు. తట్టింది ఒక్క పేరే. అతనికి చెప్పలేనంత దిగులేసింది.

నోటితో పిలిచే ధైర్యం లేక చీటీ టైపు చేశాడు. "ఈ సాయంత్రం ఆరింటికి వీధి చివరి హోటలుకి పులుసు తినడానికి రండి. మీరొస్తే నాకెంతో సంతోషం. ఇట్లు, గిల్సు." పైన ఆమె పేరు రెండుసార్లు కొట్టి, రెండుసార్లూ చెరిపేశాడు. ప్రింటు నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కాడు. అలా ఐదుసార్లు! పదకొండేళ్లు తిప్పిన మీటని ఆ గాభరాలో మరిచేపోయాడు. ఇంతలో యజమాని ఊరవతల గోడౌనుకి తరిమాడు.

తన పని ముగించుకున్న మల్‌సున్, "పాపం, ఆయన కాగితాలు ఆగిపోయుంటాయి" అనుకుని మీట అటు తిప్పి భోజనానికి వెళ్లింది. ఐదు మూళ్లు పదిహేను చీటీలు టకటకమంటూ వచ్చాయి. సరుకు కట్టే బాన్ గారు అవి చూసి, కొట్టువాళ్లు ఖాతాదారులకిస్తున్న విందు కాబోలనుకుని, సరుకు పెట్టెలకి తలా ఒకటి అంటించి బజారంతా పంపేశాడు.

మధ్యాహ్నం నుంచీ మల్‌సున్ ఫోను మోగుతూనే ఉంది. "గిల్సు గారి విందుకి మా తమ్ముణ్ణీ తీసుకురావచ్చా?" రావచ్చనే చెప్పిందామె. తనని మాత్రం ఎవరూ పిలవలేదు.

ఐదింటికి గిల్సు తిరిగొచ్చేసరికి యజమాని వీపు తట్టాడు. "ఖాతాదారులందరికీ విందా, భలే ఆలోచనయ్యా! నాకు తట్టనేలేదు!"

"అది కాదండీ, నేను..."

"నేనూ వస్తున్నాలే!"

మల్‌సున్ సంచీ భుజానికి తగిలించుకుని, అతనివైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆరింటికి హోటలు అద్దంలోంచి తొంగిచూశాడు. లోపల బల్లలన్నీ నిండి, గ్లాసులు గలగలలాడుతున్నాయి. పేరు అతనిదే, విందు వాళ్లది. లోపలికెళ్లడానికి మనసొప్పక, పక్క సందులోని నూడుల్సు కొట్టుకి వెళ్లాడు. ఆ కొట్టులో ఎవరికి వాళ్లే గోడవైపు తిరిగి కూర్చుని తింటారు. అక్కడ మల్‌సున్ ఒక్కతే కూర్చునుంది.

"నన్ను తప్ప బజారంతటినీ పిలిచారు," అందామె, గోడనే చూస్తూ.

"పిలిచింది మిమ్మల్నే. మిమ్మల్ని ఒక్కరినే."

ఆమె చెంచా కింద పెట్టింది. "మరి మీట తిప్పుకోలేదేం?" అంది.

"గాభరాలో మరిచిపోయాను."

"సర్లెండి. ఇప్పుడు ఇద్దరం ఉన్నాంగా. పదండి, పులుసే తిందాం."

హోటలావిడ గుమ్మంలోనే గిల్సు మొహం గుర్తుపట్టింది. "మొత్తానికి తోడు తెచ్చుకున్నారే! కానీ అయ్యో, ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదండీ. ఎవరో గిల్సట, మహానుభావుడు, ఊరందరినీ పిలిచాడు."