ప్యానెల్‌కు తలంటు

ఆ ఉదయం ఏలీయా మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు బడికి వెళ్ళాలి. గోడకున్న టచ్ ప్యానెల్ మీద నాలుగు విద్యలు నేర్చుకోవాలి. మండలంలోని టీచర్లంతా శిక్షణకు వచ్చి కూర్చున్నాక, పాఠం చెప్పే కుర్ర టీచరు బ్లెస్సీ ఎక్కడో ఒకచోట తడబడకపోదు. అప్పుడు తాపీగా లేచి "ఇలా కాదమ్మా" అనాలి. అంతే.

మలికిపురం చుట్టుపక్కల ఏ శిక్షణ జరిగినా బోర్డు దగ్గర నిలబడేది ఆయనే. ఈసారి విద్యాధికారి సత్యదుర్గారావు గారు ఆ పని బ్లెస్సీకి అప్పగించారు. పైగా ఇవాళ బాగా చెబితే అమలాపురంలో జిల్లా శిక్షణకు పంపుతారట. బ్లెస్సీ ఒకప్పుడు ఆయన దగ్గరే పటంలో నదులు గుర్తించడం నేర్చుకుంది. ఆ సంగతి గుర్తొస్తే గర్వం కలగాల్సిన చోట ఆయనకు కడుపు మండేది. ఆ పిల్ల వేలితో తాకితే తెర మీద గోదావరి పాయలుగా చీలుతుంది, అందరూ ఫోన్లు తీస్తారు. ఆయన ఇన్నేళ్ళు సుద్దముక్కతో గీసిన గోదావరిని ఒక్కడూ ఫొటో తీసిన పాపాన పోలేదు.

ప్యానెల్ వెలిగింది. వేలితో రాయడం మాస్టారికి చిన్నతనంగా తోచింది. బల్ల మీద మార్కరు కనిపిస్తే అందుకుని, అద్దం నిండా "గోదావరి పాయలు, ఏలీయా" అని రాశారు. అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. చెరపబోతే చెరగలేదు. అప్పుడు చూశారు మార్కరు వంక. అది చార్టుల మీద రాసే చెరగని రకం.

తడిగుడ్డతో తుడిచారు. లాభం లేదు. కొబ్బరినూనెతో పోని మరక ఉండదని ఆయన గట్టి నమ్మకం. పరుగున వంటషెడ్డుకు వెళ్ళారు.

"వీరమ్మా, నీ తలనూనె సీసా, అంట్లు తోమే కొబ్బరిపీచు ఇలా తే."

"అంట్లు నేను తోముకుంటానండి. మీకెందుకండి మాస్టారండీ?"

జవాబు చెప్పే తీరిక ఆయనకు లేదు. నూనె రాసి, పీచుతో రుద్ది, పొడిగుడ్డ పెట్టేసరికి తెర తళతళలాడింది. హమ్మయ్య అనుకుని, ఏమీ ఎరగనట్టు వెనక బెంచీలో కూర్చున్నారు.

శిక్షణ మొదలైంది.

"ఈ చట్రంలోంచి కనపడని కిరణాలు వెళ్తాయండి," అని చెబుతోంది బ్లెస్సీ. "వాటికి ఏది అడ్డమొచ్చినా, వేలే అనుకుంటుందండి ప్యానెలు."

ఆమె గోదావరిని తాకింది. గోదావరి రాజస్థాన్ ఎడారికి పోయింది. వెనక్కి లాగితే తెర మీద దానంతటదే పెద్ద సున్నా పడింది. టీచర్లు ముసిముసిగా నవ్వారు. ఏలీయా మాస్టారి ప్రాణం లేచొచ్చింది.

"ముందే చూసుకోవద్దా అమ్మా?" అన్నారు విద్యాధికారి.

"నిన్న బాగానే పనిచేసిందండి," అంది బ్లెస్సీ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే మాస్టారికి చట్రం మూల సన్నగా వేలాడుతున్న కొబ్బరిపీచు కనిపించింది. ఇదంతా తన నిర్వాకమేనని అర్థమైంది. మరుక్షణం, ఇంతకంటే మంచి అవకాశం రాదని కూడా అనిపించింది.

"ఇలా కాదమ్మా," అంటూ లేచారు. చేతిరుమాలుతో చట్రమంతా తుడుస్తూ పీచును గుప్పిట్లోకి లాగేశారు. బ్లెస్సీ తాకింది. గోదావరి బుద్ధిగా పాయలుగా చీలింది. గది చప్పట్లతో మోగిపోయింది.

"ఏం చేసేరు మాస్టారూ?" అన్నారు విద్యాధికారి.

"ఆ కిరణాల సంగతండి. చెయ్యి తిరగాలి."

"ఇంత తెలిసినోరు ఇక్కడుంటే మాకు తెలియలేదు. జిల్లా శిక్షణకి మీరూ వెళ్ళాలండి."

"ఆయ్, తప్పకుండానండి," అన్నారు మాస్టారు. ఛాతీ రెండింతలైంది.

"పాఠం బ్లెస్సీ చెబుతుంది. ప్యానెలు మొరాయిస్తే తుడవడానికి మీరు పక్కన నిలబడండి."

మాస్టారు తలూపారు. కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే గుప్పిట విప్పాలి.

అందరూ టీలకు లేచాక బ్లెస్సీ దగ్గరికొచ్చింది.

"మాస్టారండీ, కమ్మటి వాసనొస్తందండి. ప్యానెలుకి తలంటేరా?"

ఆయన గుప్పిట జేబులో దాచబోతే పీచుపోగు బయటికి జారింది.

"ఎవరికీ చెప్పనులెండి. అమలాపురానికి మాత్రం పీచు తేకండి."

జిల్లా శిక్షణలో తీసిన బ్లెస్సీ ఫొటో పేపర్లో పడింది. దాని అంచున పొడిగుడ్డ పట్టుకున్న చెయ్యొకటి కనిపిస్తుంది, అది ఏలీయా మాస్టారిది.