పెరీనా పెద్దమ్మ ఊరేగింపు

వెలిస్తెన కోట లోపల మిగిలిన ఆఖరి కాపురస్తురాలు పెరీనా పెద్దమ్మను మా పురపాలక సంఘం ‘సజీవ వారసత్వ సంపద’గా ప్రకటించింది. తీర్మానం ఏకగ్రీవం. సభ్యులందరూ తమ కోట ఇళ్ళను ఎప్పుడో పర్యాటకులకు అద్దెకిచ్చేసి కొండ కింద కొత్త ఊళ్ళో ఉంటున్నవారే కనుక, అభ్యంతరం చెప్పడానికి ఎవరూ లేకపోయారు.

మేయర్ లుక్షా గారు స్వహస్తాలతో ఆమె గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం బిగించి ప్రసంగించారు. “రాళ్ళు మాట్లాడవు. మా పెరీనా గారు మాట్లాడతారు. ఇటువంటి సౌకర్యం ఈ అడ్రియాటిక్ తీరంలో మరే పట్టణానికీ లేదు!”

“ఒరే లుక్షా, ఫలకం సంగతలా ఉంచు,” అంది పెద్దమ్మ. “సందు నిండా ఆ హోటలు బల్లలేమిట్రా? రేపు నాకేదైనా అయితే అంబులెన్సు ఎగిరొస్తుందా?”

“అవి బల్లలు కావు పెద్దమ్మా, ఊరికి కళ!” అన్నారు మేయర్.

ఆనాటి నుంచి ఆమె జీవితం ధన్యమైంది. చేపలు కడుగుతుంటే ఫొటోలు. బట్టలు ఆరేస్తుంటే కేరింతలు. ఒక జర్మన్ కుటుంబమైతే తిన్నగా వంటింట్లోకే వచ్చి, ఈ మ్యూజియం ఎప్పుడు మూసేస్తారని మర్యాదగా అడిగింది.

“నేను చచ్చాక,” అందామె. దాన్నీ వీడియో తీసుకుని మురిసిపోయారు.

ఆగస్టులో ఆమె మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. అంబులెన్సు కోట ద్వారం దగ్గరే ఆగిపోయింది. బల్లలు జరపమంటే, అతిథులు భోజనాల మధ్యలో ఉన్నారని హోటలు యజమాని సవినయంగా మనవి చేశాడు. అద్దెకిచ్చిన మా ఇళ్ళ బాగోగులు చూసుకోవడానికి వచ్చిన మేం నలుగురం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలకెత్తుకుని, బల్లల మధ్య నుంచి నడిచాం.

పర్యాటకులు లేచి నిలబడ్డారు. ఎవరో పూలు చల్లారు.

“అమ్మో, ప్రాణం పోతోందిరా! మెల్లగా మోయండ్రా, మీ మొహాలు మండ!” అని పెద్దమ్మ అరిచింది.

“ఏమంటున్నారావిడ?” అని ఒకాయన అడిగాడు.

“మిమ్మల్ని దీవిస్తోందండీ,” అన్నాడు హోటలు యజమాని, ఆయన గ్లాసులో వైను పోస్తూ.

చప్పట్లు ద్వారం దాకా మోగాయి. ఫొటోలు తీస్తున్నారు కదా అని మేం కూడా నవ్వుముఖాలు పెట్టాం.

పెద్దమ్మ మళ్ళీ కోటకు రాలేదు. కొత్త ఊళ్ళో చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. మేయర్ గారు పరామర్శకు వెళితే తలుపు తీయలేదట. అయినా ఆయన నిరుత్సాహపడక, కుర్చీ ఊరేగింపును మా పురాతన సంప్రదాయంగా గుర్తించి, పెద్దమ్మ బదులు కుర్చీలో కూర్చోవడానికి రాజధాని నుంచి ఒక నటీమణిని రప్పించారు.

ఊరేగింపుకు మీరూ తప్పక దయచేయండి. కుర్చీలో ఉన్నావిడ అరిస్తే కంగారు పడకండి. అది నిజం అరుపేమోనని అనుమానం వచ్చినా సరే, చప్పట్లు మాత్రం ఆపకండి. మొదటిసారి ఎవరూ ఆపలేదు.