మూడో బల్బు

"మెదక్ పట్టణంలో ఇకమీదట నీళ్ల కరువనే మాట వినబడదు" అని జలకళ కమిటీ చైర్మన్ గారు 1966 ఎండాకాలంలో ప్రకటించారు. ఆ ధైర్యం ఆయనకు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇనుప పెట్టె ఇచ్చింది.

పెట్టెలో రెండు రిలేలు, అంటే నీటిమట్టాన్ని బట్టి వాటంతటవే పడే స్విచ్చులు. ట్యాంకులో నీళ్లు పద్నాలుగు అడుగులు దాటితే ఒకటి ఎర్ర బల్బు వెలిగిస్తుంది. మూడడుగులకంటే తగ్గితే రెండోది పసుపు బల్బు వెలిగిస్తుంది. ఏది వెలిగినా గంట మోగుతుంది. ఎంత లోతుకు మోగాలో మరమేకు తిప్పి పెట్టాలి. తిప్పేవాడు పంపు ఆపరేటర్ ఖయ్యూం. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. మాట తక్కువ.

పెట్టె బిగించిన రోజే పసుపు బల్బు వెలిగి గంట మోగింది. ట్యాంకులో జానెడు నీళ్లున్నాయి. పెట్టె ఎంత నిజాయితీపరురాలో ఖయ్యూంకు అర్థమైంది. చైర్మన్ గారికీ అర్థమైంది.

"అరె ఖయ్యూం, ఎల్లుండి మంత్రి గారొస్తుండు. ఆయన ముంగట గిట్ల మొత్తుకుంటే నా ఇజ్జత్ ఏమైతది?"

"నీళ్లు లేవు సాబ్."

"నీళ్ల సంగతి అడిగిననా? గంట సంగతి చూడు. నౌకరీ పర్మనెంటు కావాల్నా, వద్దా?"

ఖయ్యూం మరమేకు తిప్పాడు. మూడడుగుల హద్దు నాలుగు వేళ్లకు దిగింది. గంట ఆగింది. మెదక్‌లో కరువు పోయింది.

మంత్రి గారి వెంట రెండు నీళ్ల లారీలొచ్చాయి. పసుపు బల్బు వెలిగిన ఊళ్లో వాటిని వదిలిపోవాలని ఆర్డరు. ట్యాంకు కింద యాదవ్వ, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో లారీలనే చూస్తున్నారు.

"పసుపుది వెలుగలే. శభాష్! మరి ఎర్రది?" అన్నారు మంత్రి గారు.

"నీళ్లెక్కువైతే వెలుగుతది సార్," అన్నారు చైర్మన్ గారు.

"జర వెలిగించి చూపియ్యుండ్రి."

చైర్మన్ గారు ఖయ్యూం వైపు చూశారు. ఖయ్యూం ఎర్రదాని మరమేకును జానెడు కంటే కిందికి దించాడు. ఎర్ర బల్బు వెలిగింది, గంట మోగింది. కమిటీ సభ్యులు చప్పట్లు కొట్టారు.

"గిన్ని నీళ్లున్న ఊరికి లారీలెందుకయ్యా? రామాయంపేటకు తోలుండ్రి," అన్నారు మంత్రి గారు.

యాదవ్వ బిందె కింద పెట్టింది. "ఖయ్యూం తమ్మీ, గా గంట మా కోసమేనా?"

ఖయ్యూం పెట్టె వైపు తిరిగాడు. పసుపుదాని మరమేకును మళ్లీ మూడడుగులకు తిప్పాడు. ఇప్పుడు రెండు బల్బులూ వెలుగుతున్నాయి.

మంత్రి గారు ఆగారు. "ఇదేంది? నీళ్లు ఎక్కువున్నయా, తక్కువున్నయా?"

చైర్మన్ గారు తడబడలేదు. "మీరొచ్చిన సంబురం సార్."

"మంచిగున్నది. పచ్చది గూడ ఉంటే ఇంకా నిండుగుండు," అని మంత్రి గారు అక్కడికక్కడే మంజూరు చేశారు. లారీలు రామాయంపేట దారి పట్టాయి.

వారంలో పచ్చ బల్బు వచ్చింది. దాన్ని ఏ రిలేకూ కలపనక్కరలేదన్నారు. చప్పుడెక్కువైందని గంట వైరు పీకించారు. ఖయ్యూంకు పర్మనెంటు ఆర్డరు కూడా వచ్చింది, పచ్చ బల్బు ఆపరేటర్‌గా.

యాదవ్వ బిందె చంకన పెట్టుకుని తలెత్తి చూసింది.

"తమ్మీ, గా పచ్చదేం చెప్తది?"

"మంత్రి గారొచ్చిపోయిండని చెప్తదక్కా."