పట్ట కింద ఇరవై మూడు క్వింటాళ్ళు

“ఇకమీదట మిరప రైతు కంట్లో గానీ, కల్లంలో గానీ ఒక్క చుక్క నీరు కనపడటానికి వీల్లేదు!” అని మంత్రిగారు మార్చి మొదటి వారంలో ప్రకటించారు. ఆ మాట విని సభలో ఇద్దరు ముగ్గురు రైతులు కళ్ళొత్తుకున్నారు. ప్రకటన అప్పుడే అమల్లోకి వచ్చిందని చెప్పి, కార్యకర్తలు వాళ్ళ చేత కళ్ళు తుడిపించారు.

పథకం పేరు ‘ఎర్ర బంగారం రక్షణ కవచం’. కల్లాల్లో ఆరబోసిన కాయలు అకాల వర్షానికి తడవకుండా రైతుకొక టార్పాలిన్ పట్ట ఇస్తారు. మొదటి విడతలో నాలుగొందల మందికి. పర్చూరు అవతల ఒక ఊళ్ళో మంత్రిగారు తమ స్వహస్తాలతో ప్రారంభిస్తారు. ఇలాంటి ఆలోచన ఇంతవరకూ ఏ ప్రభుత్వానికీ రాలేదని పేపర్లో చదివాను. పోయిన ప్రభుత్వంలో వచ్చినప్పుడు కూడా అలాగే చదివినట్టు గుర్తు.

ఇంతటి చారిత్రక ఘట్టంలో నాబోటి వాడికి చోటెలా దొరికిందని మీరు అడగొచ్చు. నా పేరు సాల్మన్. గుంటూరు పక్కనే నల్లపాడులో ‘స్తుతి కార్ స్పా’ నాదే. కార్లు కడగడం, మెరుగు పెట్టడం నా పని. ప్రారంభోత్సవానికి ముందురోజు మంత్రిగారి పీఏ జయపాల్ గారు ఫోన్ చేశారు.

“సాల్మన్ గారూ, రేపు సార్ కారు మెరవాలి. ఎంత మెరవాలంటే, రైతు అందులో తన మొహం చూసుకోవాలి.”

“చూసుకుని ఏం చేస్తాడండీ?”

“ప్రభుత్వానికి తాను ఎంత దగ్గరగా ఉన్నాడో తెలుసుకుంటాడు.”

ఇంత దూరం ఆలోచించే మనుషుల దగ్గర పని దొరకడం అదృష్టం. సామాను సర్దుకుని వెళ్ళాను.

మంత్రిగారి కారు నల్లది. నల్లరేగడి నేల మీద గౌరవంతో ఆ రంగు ఎంచుకున్నారట. కానీ నలుపు రంగు దేన్నీ దాచుకోదు. కార్యకర్తలు అభిమానం కొద్దీ కండువాలతో తుడిచీ తుడిచీ, ఎండలో నిలబెడితే బానెట్ నిండా సన్నటి గీతలు కనపడుతున్నాయి. మంత్రిగారు స్వయంగా వచ్చి పక్కన నిలబడ్డారు.

“ఈ గీతలు పోవాలంటే ఏం చెయ్యాలయ్యా?”

“రెండు దార్లున్నాయండీ. పాలిష్ పట్టి పైపొర అరగదీస్తే గీతలు నిజంగానే పోతాయి. టైం పడుతుంది. పాత రిపేర్లు ఏవన్నా కప్పిపెట్టి ఉంటే అవీ బయటపడతాయి.”

మంత్రిగారు జయపాల్ గారి వంక చూశారు. “రెండోది చెప్పు” అన్నారు.

“గ్లేజ్ అండీ. అది గీతను తియ్యదు. గీతలో నిండి కూర్చుంటుంది, అంతే. దాని మీద వ్యాక్స్, అంటే మైనం పూసి తుడిస్తే అద్దంలా ఉంటుంది.”

“గీత మాత్రం అక్కడే ఉంటుంది?”

“ఉంటుందండీ. నాలుగుసార్లు కడిగితే మళ్ళీ కనపడుతుంది.”

“అప్పుడు?”

“మళ్ళీ గ్లేజ్.”

మంత్రిగారు చాలా మెల్లగా, “ఇన్నాళ్ళూ మనం దీన్ని సమీక్షా సమావేశం అంటున్నాం జయపాల్” అన్నారు. వెంటనే గ్లేజ్‌కు ఆమోదం తెలిపారు.

మర్నాడు నన్ను కూడా కాన్వాయ్‌లో ఎక్కించుకున్నారు. దారిలో మెరుపు తగ్గితే బాధ్యులెవరన్న ప్రశ్న వచ్చి, నేనని తేల్చారు. రాళ్ళ లారీల దుమ్ముకు తగ్గనే తగ్గింది. ఊరి మొదట్లో స్కూల్ గ్రౌండులో కాన్వాయ్ ఆపి, దుమ్ము తుడిచి, ఇంకొక కోటింగ్ వ్యాక్స్ పూశాను. అరగంట పట్టింది. ఆ అరగంటా మంత్రిగారు కారు దిగకుండా లోపలే కూర్చున్నారు. మధ్యమధ్య అద్దం దించి, “వచ్చిందా?” అని అడుగుతూ ఉన్నారు.

ఆ ఊళ్ళో కారు నిలబెట్టి ఫోటో తీయడానికి తగిన చదును జాగా ఒక్కటే ఉంది. అది హనుమాయమ్మ అనే కౌలురైతు కల్లం. స్టేజీ కూడా అక్కడే కట్టారు. అరవై ఏళ్ళ మనిషి, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉంది. పద్దెనిమిది క్వింటాళ్ళ కాయ ఆరబోసింది. ఏడాది మొత్తానికి ఆమెకున్నది అదే. పది రోజులుగా ఆ కాయల పక్కనే మంచం వేసుకుని పడుకుంటోందట. మర్నాడు బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలాలి. కారు కోసం జరపమంటే తనే కాయలన్నీ పక్కకు లాగి రాశి పోసింది.

“బండి పొగ కాయల మీదికి రాకుండా పెట్టు నాయనా” అంది నాతో. తర్వాత ఆకాశం వైపు చూసి, “ఆ మూల కమ్ముకొస్తంది చూశావా? ఉపన్యాసాలు తర్వాత చెప్పుకోవచ్చు గానీ, ముందు ఆ పట్టలు పంచమను” అంది.

ఆ మాట వ్యవసాయాధికారి కోటేశ్వరి గారికి చేరవేశాను. ఆవిడ ఫైలు తెరిచి చూపించారు. నాలుగొందల మంది రైతులూ పట్టలు అందినట్టు మిషన్‌లో వేలిముద్రలు వేసేశారు. నాలుగొందల పట్టలూ మంజూరయ్యాయి. వచ్చింది ఒకటి.

“మిగతావి ప్రాసెస్‌లో ఉన్నాయండీ” అన్నారావిడ. “ప్రారంభోత్సవానికి ఒకటి చాలు. ప్రారంభించేది ఒక్కసారే కదా.”

ఏర్పాటు మాత్రం మెచ్చుకోదగ్గది. రైతు స్టేజీకి ఇటువైపు నుంచి ఎక్కి, మంత్రిగారి చేతుల మీదుగా పట్ట అందుకుని, ఫోటోకి నవ్వి, అటువైపు దిగేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేచోట ఒక కానిస్టేబుల్‌ను పెట్టారు. కల్లం ఆమెదే కాబట్టి హనుమాయమ్మను మొదట పిలిచారు. ఆమె పట్ట అందుకుంది. నవ్వలేదు. కానిస్టేబుల్ చెయ్యి చాపాడు.

“ఏందయ్యా?”

“పట్ట ఇలా ఇచ్చెయ్యమ్మా.”

“ఇప్పుడే గదా నాకిచ్చిందీ!”

“ఇచ్చినట్టే. మళ్ళీ ఇవ్వాలి. వెనకాల మూడొందల తొంభై తొమ్మిది మంది ఉన్నారు.”

ఆ సమయానికే మొదటి చినుకు పడింది. హనుమాయమ్మ పట్ట చంకన పెట్టుకుని, మెట్లు దిగి, రాశి దగ్గరికి పరిగెత్తింది. లబ్ధిదారు ఉత్సాహాన్ని ఫోటోగ్రాఫర్లు వెంటపడి తీశారు. ఆమె ఒక కొస కాయల మీదికి లాగేసరికి, రెండో కొస జయపాల్ గారి చేతిలో ఉంది. ఆయన అక్కణ్ణుంచే కేకేశారు.

“సాల్మన్ గారూ! ఇప్పుడు తడిస్తే ఏమవుతుంది?”

“ఏది తడిస్తే అండీ?”

“ఇంకేది? కారు!”

“వ్యాక్స్ పూసి గంట కూడా కాలేదండీ. వాన పడితే మచ్చలు కడతాయి. రేపటిదాకా తడవకూడదు.”

అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాను. అడగనిది ఒకటి నా ఎదురుగానే పట్ట కొస పట్టుకుని నిలబడి ఉంది. దానికీ నాకు జవాబు తెలుసు. మిరపకాయ తడిస్తే ఏమవుతుందో గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అది నన్నెవరూ అడగలేదు.

“అయ్యా, అది ఇనప బండి. తడిస్తే తుడుచుకోవచ్చు” అంది హనుమాయమ్మ. “ఇయ్యి తడిస్తే బూజు పట్టుద్ది. రంగు పోయిన తాలుకాయల ధరకు కూడా అడగరు.”

“అమ్మా, ఇది ప్రభుత్వ ఆస్తి.”

“ఏదీ, పట్టా? కారా?”

“రెండూ.”

కానిస్టేబులూ, నలుగురు కార్యకర్తలూ జయపాల్ గారి వైపు చేరారు. ఆమె కొస వదల్లేదు. పట్టతో పాటే కారు దాకా వచ్చింది. స్టేజీ మీదున్న మంత్రిగారు అది చూసి కదిలిపోయారు. మైకు అందుకుని, “చూడండి! ఆ తల్లి తన చేతులతో నా కారుకి ఎంత ప్రేమగా పట్ట కప్పుతోందో చూడండి!” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఎవరో ఆమె వేళ్ళు విడదీశారు.

వాన నలభై నిమిషాలు కురిసింది. షామియానా కింద మంత్రిగారు రక్షణ కవచం గురించి నలభై రెండు నిమిషాలు మాట్లాడారు. హనుమాయమ్మ నెత్తిన తువ్వాలు తీసి రాశి మీద పరిచింది. చొక్కా విప్పి దాని పక్కన పరిచింది. మంచం తెచ్చి బోర్లించింది. ఇంకేమీ లేక చివరికి తనే రాశికి అడ్డంగా పడుకుంది. ఎర్రటి నీళ్ళు పారుకుంటూ వచ్చి నా కాళ్ళు తడిపాయి. నిజం చెప్పొద్దూ, నేను రెండడుగులు వెనక్కి జరిగి కారు పక్కన నిలబడ్డాను.

వాన వెలిశాక పట్ట తీశారు. కారు మీద ఒక్క చుక్క లేదు. మంత్రిగారు బానెట్ మీద వేలితో రాసి, ఆ వేలు పత్రికలవాళ్ళకు చూపించారు.

“పొడి! పథకం పెట్టిన గంటలో ఫలితం! ఏ రాష్ట్రంలో ఉందయ్యా ఇది?”

ఏ రాష్ట్రంలోనూ లేదని అందరూ ఒప్పుకున్నారు. రేపటిదాకా తడవకూడదని నేనే చెప్పాను కాబట్టి కారుతో పాటు పట్ట కూడా గుంటూరు వచ్చేసింది.

మూడు రోజులకు కోటేశ్వరి గారు ఫోన్ చేశారు.

“సాల్మన్ గారూ, సార్ కారు బరువెంత?”

“ఎందుకండీ?”

“రిపోర్టులో ఒక కాలమ్ ఉంది. ‘టార్పాలిన్ కింద తడవకుండా కాపాడిన సరుకు, క్వింటాళ్ళలో’ అని. ఖాళీగా పంపితే పైవాళ్ళు ఊరుకోరు. దొంగ లెక్క రాయడం నాకు చేతకాదు.”

“రెండు వేల మూడొందల కేజీలండీ.”

“అంటే ఇరవై మూడు!” ఆవిడ గొంతులో సంతోషం వినపడింది. “టార్గెట్ ఇరవయ్యే అండీ. దేవుడున్నాడు.”

వారం తిరక్కుండా ఆ అంకె జిల్లా దాటింది. ఒక్క టార్పాలిన్‌తో ఇరవై మూడు క్వింటాళ్ళు కాపాడిన ఘనత గురించి మంత్రిగారు రెండు సభల్లో చెప్పారు. లబ్ధిదారు ఫలానా హనుమాయమ్మ అని ఊరూ పేరుతో సహా చెప్పారు. తడిసిన పంటకు పరిహారం మాత్రం ఆ ఊళ్ళో ఎవరికీ రాలేదు. పట్ట అందిన రైతుకు నష్టం వర్తించదని రూలు. పట్ట నాలుగొందల మందికీ అందింది, వేలిముద్రలున్నాయి.

ఏప్రిల్‌లో కారు మళ్ళీ నా షాపుకొచ్చింది. అభిమానులు కడిగిన కడుగుళ్ళకు గ్లేజ్ పోయి, గీతలన్నీ తిరిగి వచ్చాయి. ఒక పూటలో పని పూర్తిచేసి, దుమ్ము పడకుండా, దాంతో పాటు వచ్చిన పట్టే కప్పి ఉంచాను. సాయంత్రం నాలుగింటికి షాపు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. ముందు హనుమాయమ్మ దిగింది. వెనక నుంచి యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీలు ఇద్దరు ఒక కాటా దించారు. ఒకతని చేతిలో స్పానర్ల సంచి ఉంది.

ఆమె కొంగులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. వ్యవసాయాఫీసు రిపోర్టు. కింద స్టాంపు కూడా ఉంది.

“పరిహారం అడగబోతే ఆ కోటేశ్వరమ్మ ఇది చేతికిచ్చింది” అంది. “నీ పేరు మీద ఇరవై మూడు క్వింటాళ్ళు భద్రంగా ఉన్నయ్యమ్మా, నీకు నష్టమేంది అంది. ఎక్కడున్నయ్యమ్మా అన్నా. పట్ట కింద అంది. పట్ట ఎక్కడుందంటే నల్లపాడులో నీ దగ్గరుందంట.”

నేను కాగితం రెండుసార్లు చదివాను. అందులో ఎక్కడా తప్పు లేదు.

“నాయి పద్దెనిమిదే నాయనా” అంది హనుమాయమ్మ. “మిగిలిన అయిదూ ఆయనకే ఉంచు. ఒకళ్ళ సొమ్ము నాకెందుకు?”

కూలీలు కాటాను షాపు మధ్యలో పెట్టి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకున్నారు. ఆమె కారు మీద నుంచి పట్ట తనే లాగింది. నాలుగు మడతలు పెట్టి ఆటోలో వేయించింది. తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా ముందు నిలబడింది.

“ఎటునుంచి మొదలుపెట్టమంటావు? పని తెలిసినోడివి, నువ్వే చెప్పు.”

చేతిలో ఉన్న గుడ్డ బల్ల మీద పెట్టాను.

“బానెట్‌కి నాలుగే బోల్టులమ్మా” అన్నాను.