అధ్యక్షులవారి వెచ్చని చోటు

సోల్‌గోల్ గ్రామ వృద్ధుల విశ్రాంతి భవనంలో నేలను వేడిచేసే ఏర్పాటు దిగ్విజయంగా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

మా కొరియాలో కూర్చున్నా, తిన్నా, పడుకున్నా నేల మీదే. నేల కింది గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతాయి. ఆ వేడి భూమిలోకి దిగిపోకుండా అడుగున థర్మకోల్ పలకలు పరవాలి. మేస్త్రీ మేంగ్ గదంతా పరిచేసి, "ఇక ఏ మూల కూర్చున్నా ఒకటే వెచ్చదనం సార్" అన్నాడు, శుభవార్త చెబుతున్నాననుకుని.

మా వృద్ధుల సంఘం అధ్యక్షులు ఓక్ బ్యోంగ్‌తాక్ గారి ముఖం మాడిపోయింది. పాతకాలంలో పొయ్యి పక్క నేల ఒక్కటే వెచ్చగా ఉండేది. పెద్దవాడు అక్కడ, మిగతావాళ్లు తలుపు వైపు.

"అంతా ఒకేలా వెచ్చగా ఉంటే ఎవరు పెద్దో ఎవరు చిన్నో తెలిసేదెట్లా?" అని ఆయన ప్రసంగించారు. "వేడికైనా ఓ మర్యాద ఉండొద్దా?"

"పలకలు తీసేస్తే వేడంతా వానపాములకే పోతుంది సార్!"

"వాటి సంగతి నీకెందుకయ్యా? చెప్పింది చెయ్!"

అధ్యక్షులవారు కూర్చునే దిండు కింద మాత్రమే పలకలుంచాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీసేసినవి వృథా కాకూడదని ఆయన తమ కుక్క గూటికి వేయించుకున్నారు. కుక్క సుఖంగా ఉంది.

చలి ముదిరింది. చల్లగా ఉండాలని గోడ వెనక పాతిపెట్టిన కిమ్చీ క్యాబేజీ ఊరగాయ జాడీలు, గదిలోని వేడి దిగి మట్టి వెచ్చబడి, నెల తిరక్కుండానే పులిసిపోయాయి. రుచి పెంపు కింద దాన్ని నివేదికలో రాసుకున్నాం.

బున్యో అవ్వకి ఎనభై ఎనిమిదేళ్లు, ఊరందరిలోకీ పెద్ద. ఇంట్లో నేలకి వేడినీళ్లు పంపే బాయిలర్ పాడైపోయింది, ఈ భవనం తప్ప ఆమెకి దిక్కులేదు. ఏ పదవీ చేయలేదు కనుక తలుపు దగ్గర, మంచుగడ్డలాంటి నేల మీద కూర్చునేది.

"ఒరే బ్యోంగ్‌తాకూ, నీ బొడ్డు కోసింది నేనేరా. కాస్త జరుగు, మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి."

"ఈ చోటు నాదైతే ఎప్పుడో ఇచ్చేవాణ్ణవ్వా! ఇది పదవిది" అన్నారాయన, కాలుతున్న నేల మీద అటూ ఇటూ కదులుతూ, చెమట తుడుచుకుంటూ.

అవ్వ మూడు రోజులు వణికింది. నాలుగో రోజు రాలేదు. వెళ్లి చూస్తే ఊపిరి లేదు. అంత్యక్రియలకి సంఘం తరఫున పెద్ద పూలదండ పంపాం.

ఆ తీర్మానానికి చేయెత్తిన పదకొండు మందిలో నేనూ ఉన్నాను. సిగ్గేస్తోంది, కాదనను. కానీ వెచ్చని చోటు కోసం మాలో మాకో వరస ఉంది, అందులో నాది ఆరో పేరు. అధ్యక్షులవారికి ఈమధ్య దగ్గు పట్టుకుంది. మేమంతా రోజూ వెళ్లి ఆయన ఆరోగ్యం ఎంతో ఆత్రంగా కనుక్కుని వస్తున్నాం.